రెండో సీడీ లేని ఐస్ ఏజ్

ఐస్ ఏజ్ సినిమాని నేను చాలాకాలం సగమే చూశాను. నేనొక్కదాన్నే కాదు, మా ఇంటిల్లిపాదిదీ అదే పరిస్థితి. మంచు యుగం నాటి ఒక మామత్ ఏనుగు, స్లాత్ అనే బద్ధకపు జంతువు, ఒక కోరల పులి కలిసి తప్పిపోయిన మనిషి బిడ్డని వాళ్ల నాన్న దగ్గరికి చేర్చడానికి బయల్దేరాయని తెలుసు. ఆ పులి మనసులో వేరే లెక్క ఉందనీ తెలుసు. తర్వాత ఏమైందో మాత్రం ఆ వేసవి సెలవుల నుంచి దసరా దాకా మాలో ఎవరికీ తెలియదు.

మాది బేతంచెర్ల. నాపరాళ్ల ఊరు. ఏ వీధిలోకి వెళ్లినా రాయి కోసే మిషను చప్పుడు వినిపిస్తుంది, చెట్ల ఆకుల మీద తెల్లటి దుమ్ము కనిపిస్తుంది. 2004 వేసవి. మా చిన్నాయన పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాడు. జీతం డబ్బులు కూడబెట్టి సీడీ ప్లేయర్ కొన్నాడు. దాని మీద ఏ కంపెనీ పేరుందో ఎవరం సరిగ్గా పలకలేకపోయాం. పనిమీద వారానికోసారి నంద్యాల వెళ్లేవాడు, వచ్చేటప్పుడు అద్దె సీడీలు తెచ్చేవాడు. ఆ వారం కొత్త తెలుగు సినిమాలేవీ మిగల్లేదట. పిల్లలుంటే ఇది తీసుకెళ్లండి అని షాపాయన ఈ ఇంగ్లీషు బొమ్మల సినిమా అంటగట్టాడు. రోజుకి పది రూపాయల అద్దె, యాభై రూపాయలు అడ్వాన్సు.

బయట మే నెల ఎండ. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతుందని తెలుసు కాబట్టి అన్నం తినగానే టీవీ ముందు కూర్చున్నాం. తెర నిండా మంచు. మా ఊళ్లో ఐసు అంటే పుల్ల ఐసు, లేదా పెళ్లిళ్లకి రంపపు పొట్టులో చుట్టి తెచ్చే ఐసు గడ్డ, అంతే. కొండలంత ఐసు, మైదానమంత ఐసు ఉంటుందంటే మా తమ్ముడు చాలాసేపు నమ్మలేదు. జేజి, అంటే మా నాన్నమ్మ, నాపరాళ్ల చలువ కోసం నేల మీద పడుకుని, తల మాత్రం టీవీ వైపు తిప్పింది.

మొదట వచ్చేది ఆ ఉడుత. స్క్రాట్. కోరలున్న ఉడుత, చేతిలో ఒకే ఒక్క ఓక్ గింజ. దాన్ని దాచుకుందామని మంచులో గుచ్చుతుంది. అక్కడ పుట్టిన పగులు పాకి పాకి మంచు కొండనే రెండుగా చీలుస్తుంది. విరిగిన మంచు ఆ ఉడుత వెంట పడుతుంది. మేం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతుంటే జేజికి కోపం వచ్చింది.

"ఏంటికి నవ్వుతారు? ఒక్క గింజ దాచుకునేదానికి ఎన్ని తిప్పలు పడతాందో సూడండి."

ఆ సినిమా మొత్తంలో జేజి ఎక్కువ గౌరవం ఇచ్చింది స్క్రాట్‌కే. అది కనిపించిన ప్రతిసారీ లేచి కూర్చునేది. కరువు చూసిన మనిషి కదా. గింజ కోసం పరుగెత్తడంలో ఆమెకి కామెడీ ఏమీ కనిపించలేదు.

తర్వాత అసలు కథ. చలి పెరుగుతోంది, జంతువులన్నీ గుంపులు గుంపులుగా దక్షిణానికి పోతున్నాయి. ఒక్క ఏనుగు మాత్రం ఎదురు నడుస్తోంది. దాని పేరు మ్యాన్‌ఫ్రెడ్, అందరూ మ్యానీ అంటారు. సిడ్ అనే స్లాత్‌ని వాళ్ల ఇంటివాళ్లే నిద్రలో వదిలేసి వెళ్లిపోయారు. జేజి దాన్ని చూడగానే దేవాంగపిల్లి అంది. ఇక మా ఇంట్లో దాని పేరు అదే. ఆ దేవాంగపిల్లి నోరు ఊరుకోదు. రెండు ఖడ్గమృగాల తిండి పాడుచేసి వాటితో గొడవ తెచ్చుకుని, మ్యానీ చాటున దాక్కుని బతికిపోతుంది. అప్పట్నుంచి వదలదు. సిడ్‌కి గొంతిచ్చిన జాన్ లెగ్విజామో, స్లాత్‌లు బుగ్గల్లో తిండి దాచుకుంటాయని తెలిసి, తను కూడా నోట్లో తిండి కుక్కుకుని మాట్లాడి చూసి ఆ నత్తి పట్టుకున్నాడట. ఇది నాకు చాలా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం మా సీడీయే పాడైందని అనుకున్నాం.

ఇంకోపక్క పులుల గుంపు. వాటి నాయకుడు సోటో మనుషుల గుడారాల మీద పడి పసిబిడ్డని ఎత్తుకెళ్లాలని చూస్తాడు. కారణం ఉంది. మనుషులు వాళ్ల పులుల్ని చంపి తోళ్లు కప్పుకున్నారు. బిడ్డ తల్లి తప్పించుకోవడానికి జలపాతంలోకి దూకేస్తుంది. ఒడ్డుకి కొట్టుకొచ్చి బిడ్డని మ్యానీ ముందు పెట్టి, తను నీళ్లలో మాయమైపోతుంది. ఆ బిడ్డని ప్రాణాలతో తీసుకురమ్మని సోటో పంపిన పులి డియేగో. దారి నాకు తెలుసు, నేను చూపిస్తాను అని చెప్పి ఈ ఇద్దరితో కలుస్తాడు. నిజానికి తీసుకెళ్తున్నది తన గుంపు మాటు వేసిన చోటికి.

ఇందులో మాకు అప్పుడే బాగా నచ్చిన సంగతి ఒకటుంది. సినిమాలో మనుషులు మాట్లాడరు. జంతువులే మాట్లాడతాయి. తల్లి బిడ్డని అప్పగించేటప్పుడు కూడా ఒక్క మాట ఉండదు, చూపే. మా పిల్లలది ఇంగ్లీషు మీడియం అని అమ్మానాన్నలు చెప్పుకునేవాళ్లు కానీ, మ్యానీ ముక్కుతో మాట్లాడినట్టు నెమ్మదిగా వేసే వెటకారాల్లో మాకు అర్థమైంది పదిలో రెండు. అందువల్ల మేమూ జేజీ దాదాపు ఒకే స్థాయిలో ఉన్నాం. కొన్నిచోట్ల ఆమే ముందుంది.

డోడోల దగ్గర మాత్రం తమ్ముడే రాజు. డోడో పక్షులు మంచు యుగాన్ని తట్టుకోవడానికి మూడంటే మూడు పుచ్చకాయలు దాచుకుంటాయి. వాటిని కాపాడుకునే హడావుడిలో ఒక్కొక్కటీ తమంతట తామే చచ్చిపోతాయి. నిజానికి డోడోలకీ మంచు యుగానికీ సంబంధం లేదు. అవి మారిషస్ దీవిలో ఉండేవి, 17వ శతాబ్దంలో అంతరించాయి. సినిమావాళ్లకి ఆ సంగతి తెలియక కాదు, జోకు బాగుందని పెట్టుకున్నారు. మా తమ్ముడు ఆ డోడోల కరాటే నేర్చుకుని వీధిలో నలుగురికి నేర్పాడు. ఇంట్లో పుచ్చకాయ కోస్తే చాలు, వీడు ముందు ఒక సుత్తి దెబ్బ వేసినట్టు గాల్లో కాలు విసిరి, తర్వాతే ముక్క తీసుకునేవాడు. నాన్న ఒకటి తగిలించేదాకా ఆ పిచ్చి పోలేదు.

ఇక ఆ గుహ.

మంచు గుహలో జారుడు ఆట ముగిసి అందరూ నవ్వుకుంటూ లేచాక, గోడల మీద పాతకాలపు మనుషులు గీసిన బొమ్మలు కనిపిస్తాయి. ఒక గోడ మీద మామత్‌లు. మ్యానీ దాని ముందు ఆగిపోతాడు. గోడ మీది గీతలే కదలడం మొదలుపెడతాయి. పెద్ద ఏనుగు, పక్కన ఆడ ఏనుగు, మధ్యలో పిల్ల ఆడుకుంటోంది. తర్వాత ఈటెలు పట్టుకున్న మనుషులు. తల్లినీ పిల్లనీ ఒకపక్కకి తరిమి చుట్టుముడతారు. సినిమా అంతా కంప్యూటర్‌లో చెక్కిన బొమ్మలతో ఉంటే, ఈ ముక్క మాత్రం చేత్తో గీసినట్టు చదునుగా ఉంటుంది. మాట లేదు, సంగీతం ఒక్కటే. వాగుడుకాయ సిడ్ కూడా అక్కడ గమ్మున అయిపోతాడు.

నేనూ తమ్ముడూ అదేదో కొత్త బొమ్మల కథ అనుకున్నాం. బాగుంది అనుకున్నాం కూడా. కింద పడుకున్న జేజి మోచేతి మీద లేచి, "ఆ ఏనుగుకు పెండ్లామూ బిడ్డా ఉండె. మనుషులు సంపినారు. అందుకే ఒంటిగా పోతాంది ఎదురు" అంది.

అప్పుడు మాకు వెలిగింది. సినిమా మొదటి నుంచీ ఆ ఏనుగు ఎందుకు అందరిమీదా విసుక్కుంటోందో, ఎవరూ పోని దారిలో ఎందుకు పోతోందో ఒక్కసారిగా తెలిసిపోయింది. తమ్ముడు వెంటనే అడిగాడు, "మరి మనిషి బిడ్డని ఎందుకు మోస్తాంది జేజీ?"

"బిడ్డ ఏం జేసిందప్పా?"

సరిగ్గా అక్కడే మొదటి సీడీ అయిపోయింది. తెర నీలం రంగులోకి మారింది.

చిన్నాయన రెండో సీడీ పెట్టాడు. పెట్టగానే ఒక తెలుగు హీరో విలన్ ఇంటి గేటు జీపుతో బద్దలుకొట్టుకుని లోపలికి వస్తున్నాడు. కాసేపు ఎవరికీ ఏం అర్థం కాలేదు. జేజి మాత్రం నిదానంగా, "ఏనుగు యాడికి పాయె?" అని అడిగింది. కవరు తీసి చూస్తే సీడీ మీద స్కెచ్ పెన్నుతో రాసింది ఐస్ ఏజ్ అనే. లోపలున్నది ఏదో ఫ్యాక్షన్ సినిమా రెండో భాగం. సీమలో పుట్టినవాళ్లకి ఆ గేటు బద్దలయ్యే సీను చూపిస్తే కొత్తేముంది.

తర్వాతి వారం చిన్నాయన నంద్యాల వెళ్లి అడిగాడు. అసలు సీడీ ఆ ఫ్యాక్షన్ సినిమా కవరులో ఇంకెవరికో పోయింది, రేపోమాపో వస్తుంది అన్నారట. రాలేదు. మళ్లీ అడిగితే, మీరు మొదటిదన్నా సరిగ్గా తెచ్చారా అని ఎదురు మాట్లాడారట. చిన్నాయనకి ఒళ్లు మండి, అడ్వాన్సు మీరే ఉంచుకోండి, సీడీ నేనే ఉంచుకుంటా అని వచ్చేశాడు. అట్లా ఐస్ ఏజ్ మొదటి సగం మా సొంతమైంది. ఆ వేసవంతా దాన్నే చూశాం. వానాకాలంలోనూ చూశాం. బడి నుంచి వచ్చి, కరెంటు ఉంటే, హోంవర్కు పక్కన పెట్టి ఆ ఉడుతతో మొదలుపెట్టి గుహ దగ్గర ఆపేవాళ్లం. ఆపడం కాదు, అదే ఆగేది.

దాంతో ఇంట్లో పెద్ద చర్చ మొదలైంది. పులి ఏం చేస్తుంది? నాన్న, చిన్నాయన ఒక పక్షం. పులి పులే, మోసం చేయడానికే వచ్చింది, చేస్తుంది. కాకపోతే చివర్లో ఏనుగు తొక్కి చంపుతుంది అని చిన్నాయన ముగింపు కూడా రాసేశాడు. తమ్ముడు పులి పక్షం. అమ్మ, కూరలు తరుగుతూ, అసలు ఆ బిడ్డకి పాలెవరు పడుతున్నారు అనే ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. న్యాయమైన ప్రశ్నే, సినిమావాళ్లు సరిగ్గా జవాబు చెప్పలేదు.

జేజి మాత్రం ఏ అనుమానమూ లేకుండా చెప్పింది. "ఆ పులి మారుతాది. బిడ్డ ఉంది గదా దాని ముందర."

ఆమె లెక్క ఆవు-పులి కథలోది. మనలో చాలామందికి తెలిసిన కథే. మేతకి వెళ్లిన ఆవుని పులి పట్టుకుంటుంది. ఇంటిదగ్గర పాలు తాగే దూడ ఉంది, దానికి పాలిచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి వస్తాను, అప్పుడు తిను అంటుంది ఆవు. పులి నమ్మదు, వాదించి వాదించి చివరికి వదులుతుంది. ఆవు అన్న ప్రకారం తిరిగొస్తుంది. పులికి నోట మాట రాదు, తినకుండా పంపేస్తుంది. 15వ శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో దీన్ని చాలా అందంగా చెప్పాడు. జేజికి అనంతామాత్యుడి పేరు తెలియదు. వాళ్లమ్మ కళ్లంలో కూర్చోబెట్టి పాటగా చెప్పేదట. రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు మాకు చెప్పింది. ఆవు దూడకి బుద్ధులు చెప్పే చోట ఆమె గొంతు మారేది. అక్కడ తమ్ముడు ప్రతిసారీ అటు తిరిగి పడుకునేవాడు.

నేను అడ్డం తిరిగాను. ఆ కథలో పులి మారింది ఆవు మాట నిలబెట్టుకుందని. ఇక్కడ ఏనుగు ఏ మాటా ఇవ్వలేదు కదా, పులే కదా అబద్ధం చెప్పింది? జేజి ఆలోచించి, "సూస్తాంలే" అంది.

దసరా సెలవుల్లో చిన్నాయన హైదరాబాద్ పెళ్లికి వెళ్లి, కోఠీలో రెండు సీడీలూ ఉన్న సెట్టు కొనుక్కొచ్చాడు. ఈసారి షాపులోనే పెట్టించి చూసుకున్నాడట. ఆ సాయంత్రం మా ఇంట్లో జనం చూడాలి. వీధిలో డోడో శిష్యులంతా దిగారు. మొదటి సీడీ వద్దు, రెండోది పెట్టు అని అందరి అరుపులు. జేజి కుర్చీలో కూర్చుంది. నేల మీద కాదు, కుర్చీలో.

గుహ దాటగానే మంచు కింద లావా. మంచు వంతెన కరిగి విరిగిపోతుంటే డియేగో జారి అంచున వేలాడతాడు. మ్యానీ వెనక్కి దూకి పులిని పైకి విసిరి, తను కింద పడిపోతాడు. ఎలాగో బతికి బయటపడతాడు. డియేగో ముఖంలో అయోమయం. ఎందుకు కాపాడావు అని అడుగుతాడు. మందలో ఉన్నవాళ్లు చేసేది అదే కదా అన్నట్టు మ్యానీ మామూలుగా చెప్పి నడిచిపోతాడు. ఆ డైలాగు మాకు అప్పుడు పూర్తిగా తెలియలేదు, అవసరమూ పడలేదు. తర్వాత బిడ్డ మొదటి అడుగులు వేసే చోటు. సిడ్, మ్యానీ అటు రా ఇటు రా అంటుంటే, ఆ బిడ్డ తడబడుతూ నేరుగా పులి దగ్గరికే పోతుంది. తనని పట్టుకెళ్లడానికి వచ్చిన పులి దగ్గరికే. గదిలో ఒక్కరూ కిక్కురుమనలేదు. జేజి నా వైపు తిరిగి ఒక చూపు చూసింది.

చివరికి డియేగో తన గుంపు మీదే తిరగబడతాడు. మ్యానీ మీదికి దూకిన సోటోకి అడ్డం పడి దెబ్బ తింటాడు. అందరూ చనిపోయాడనే అనుకుంటారు. తమ్ముడు ఏడ్చాడు. ఏడవలేదని ఇప్పటికీ వాదిస్తాడు.

ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే నా ప్రశ్నలో పస ఉందనే అనిపిస్తుంది. ఆవు కథలో పులి మారింది ఎదుటివాళ్లు మాట నిలుపుకోవడం చూసి. డియేగో మారింది తను ఇచ్చిన మాట తప్పి. తన వాళ్లకి, తన నాయకుడికి ఇచ్చిన మాట. అది చిన్న విషయం కాదు. మన పాత కథల్లో మాట తప్పినవాడికి మంచి ముగింపు దొరకడం కష్టం. ఈ సినిమా ఆ తప్పినవాణ్నే హీరోగా నిలబెట్టింది, పిల్లల సినిమా అయ్యుండి. ఏనుగుదీ చిన్న సంగతి కాదు. బిడ్డ తండ్రి మ్యానీని చూసి ఈటె ఎత్తుతాడు. మ్యానీ తొండంతో దాన్ని లాగి అవతల పారేస్తాడు. పెండ్లాన్నీ బిడ్డనీ చంపిన జాతి మనిషి ముందు నిలబడి ఉన్నాడు, చేతిలో ఆయుధం లేదు. మ్యానీ బిడ్డని అతని ముందు దించుతాడు, అంతే. అతను తన మెడలోని పూసల తాడు తీసి ఇస్తాడు. మళ్లీ అక్కడా మాట లేదు.

డియేగో కుంటుకుంటూ తిరిగి వచ్చాక జేజి, "నేను జెప్పలా" అని లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

ఇంజనీరింగ్ హాస్టల్లో ఇదే సినిమాని సబ్‌టైటిల్స్‌తో చూశాను. జోకులు తెలిశాయి, చాలా బాగున్నాయి. కానీ కథ విషయంలో కొత్తగా తెలిసింది చాలా తక్కువ. ఆ రోజుల్లోనే నెట్‌లో వెతికి చదివాను. బ్లూ స్కై స్టూడియోస్‌కి ఇదే మొదటి పూర్తి నిడివి సినిమా. అప్పటిదాకా ప్రకటనలకీ సినిమాలకీ గ్రాఫిక్స్ చేసుకునే సంస్థ, న్యూయార్క్ దగ్గర వైట్ ప్లెయిన్స్‌లో ఉండేది. దర్శకుడు క్రిస్ వెజ్, సహ దర్శకుడు కార్లోస్ సల్దానా. 2002 మార్చి 15న అమెరికాలో విడుదలైంది. దాదాపు 59 మిలియన్ డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి 380 మిలియన్లు దాటి వసూలు చేసింది. ఆస్కార్‌కి నామినేట్ అయ్యి, జపాన్ దర్శకుడు మియజాకి తీసిన స్పిరిటెడ్ అవే చేతిలో ఓడింది. ఆ ఓటమికి ఎవరూ బాధపడక్కర్లేదు. మాకు అన్నిటికన్నా ఆశ్చర్యం, స్క్రాట్ కీచు అరుపులన్నీ దర్శకుడు క్రిస్ వెజ్‌వే. జేజి గౌరవించిన ఉడుతలో ఉన్నది ఆయన గొంతు.

స్క్రాట్ లాంటి ఉడుత నిజంగా లేదు అనుకునేవాళ్లకి ఒక మాట. 2011లో అర్జెంటీనాలో పొడవాటి కోరలున్న ఒక చిన్న క్షీరదం శిలాజం దొరికినట్టు ప్రకటించారు. క్రొనోపియో అని పేరు పెట్టారు. డైనోసార్ల కాలంది. పత్రికలన్నీ దాన్ని స్క్రాట్ అనే రాశాయి.

ఇంకో ఆశ్చర్యం మా ఊరి పక్కనే ఉంది. బేతంచెర్లకి దగ్గర్లో బిలస్వర్గం గుహలున్నాయి. చిన్నప్పుడు వనభోజనాలకి అటే వెళ్లేవాళ్లం. పులిహోర తిని, గబ్బిలాల వాసనకి ముక్కు మూసుకుని వచ్చేసేవాళ్లం. అక్కడి మట్టి కింద ఏముందో ఎవరూ చెప్పలేదు. 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు కలిసి ఆ గుహల్లో తవ్వి పాతకాలపు జంతువుల ఎముకలు బయటికి తీశారు. మన దేశంలో ప్రాచీన మానవుడి మీద పరిశోధనకి ఆద్యుడు ఆ ఫుటే. దొరికిన వాటిలో ఖడ్గమృగం ఎముకలు కూడా ఉన్నాయి. ఆ ఖడ్గమృగానికి శాస్త్రీయ నామంలో కర్నూలు పేరే పెట్టారు. సిడ్‌ని తరిమిన ఖడ్గమృగాల్ని చూసి నవ్వుకున్న మా వీధి పిల్లలకి, ఊరి పొలిమేరలోనే ఒకప్పుడు అవి తిరిగాయని తెలిస్తే పుచ్చకాయలు వదిలేసి గుహల్లో పడి ఉండేవాళ్లు.

అటు బనగానపల్లె వైపు జ్వాలాపురం ఉంది. అక్కడ జుర్రేరు లోయలో దాదాపు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద పొరలు పొరలుగా ఉంది. ఆ బూడిద కిందా, పైనా మనుషులు వాడిన రాతి పనిముట్లు దొరికాయి. ఉత్తరాన మంచు కమ్ముకున్న యుగంలో మా సీమ మీద బూడిద కురిసిందన్నమాట. మాకు మంచు ఎప్పుడూ రాసిపెట్టి లేదు.

ఉద్యోగం కోసం కాలిఫోర్నియా వచ్చాక మా పాపని లాస్ ఏంజిలిస్‌లో లా బ్రియా తారు గుంటలకి తీసుకెళ్లాం. విల్‌షైర్ బులవార్డ్ మీద, బస్సులూ ఆఫీసులూ ఉన్న నడి ఊళ్లో, నేలలోంచి తారు ఊరుతూ ఉంటుంది. రోడ్డు వేసేటప్పుడు వచ్చే వాసనే. నల్లటి నీళ్ల మీద పెద్ద పెద్ద బుడగలు లేచి పగులుతుంటాయి. ఒడ్డున మామత్‌ల బొమ్మలు నిలబెట్టారు. ఒకటి తారులో సగం దిగబడి తొండం ఎత్తి ఉంటుంది. ఒడ్డు మీద ఇంకో పెద్దది, పక్కన పిల్ల. మా పాప దాన్ని చూసి ఆపకుండా ప్రశ్నలు వేసింది.

ఐస్ ఏజ్‌లో ముగ్గురి చుట్టాలూ నిజంగా ఒకే చోట ఉన్న జాగా అది. మ్యానీ బొచ్చు మామత్, ఇక్కడ దొరికేవి అంతకన్నా పెద్దవైన కొలంబియన్ మామత్‌లు. నేల మీద తిరిగే స్లాత్‌లు దొరికాయి, అవి సిడ్ లాగా బక్కవి కావు, ఎద్దంతటివి. ఇక కోరల పులి, అంటే స్మైలోడాన్, రెండు వేలకి పైగా దొరికాయి. మ్యూజియంలో దాని తలపుర్రె అద్దంలో చూశాను. కోర జానెడు ఉంది. నిజానికి ఇవి ఇప్పటి పులులకి దగ్గర చుట్టాలు కూడా కావట, పిల్లి జాతిలోనే వేరే కొమ్మ. ఒక గోడ నిండా డైర్ అనే అంతరించిన జాతి తోడేళ్ల పుర్రెలు నాలుగొందల పైచిలుకు వరుసగా పెట్టి, వెనక పసుపు లైటు వేశారు. ఎందుకిన్ని తోడేళ్లు, ఇన్ని పులులు అని మా ఆయన గైడుని అడిగారు. ఆ అమ్మాయి చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ బుర్రలో తిరుగుతుంది. మామూలుగా అడవిలో మేసే జంతువులు ఎక్కువ, వేటాడేవి తక్కువ ఉంటాయి. ఇక్కడ తిరగబడింది. దొరికిన పెద్ద క్షీరదాల్లో దాదాపు తొంభై శాతం వేటాడేవే. ఒక ఏనుగో దున్నో తారులో ఇరుక్కుని అరిస్తే, తేరగా తిండి దొరికిందని పులులూ తోడేళ్లూ దాని మీద పడేవి. పడినవి పడినట్టే ఇరుక్కుపోయేవి. వాటి కోసం ఇంకొన్ని.

సినిమాలో లావా అంచున పులి వేలాడితే ఏనుగు పైకి లాగింది. ఇక్కడ ఏనుగు ఇరుక్కుంటే పులి తినడానికి దిగి దాంతోపాటే పోయింది. రెండూ అవే జంతువులు. పాపకి ఇంగ్లీషులో గైడు చెప్పిన కథ తెలిసింది. రాత్రి పడుకునేటప్పుడు నేను ఆవు-పులి కథ చెప్పాను. అది విని, "అంటే ఆవు ఎస్కేప్ అవ్వొచ్చు కదా, ఎందుకు వెనక్కి వెళ్లింది?" అని అడిగింది. జేజి ఉంటే దీనికి ఏదో ఒకటి చెప్పేది. నేను తడుముకున్నాను.

జేజి మూడో భాగం వచ్చేనాటికే లేదు. రెండోది, 2006లో వచ్చిన మంచు కరిగే కథ మాత్రం చూసింది. అందులో మ్యానీకి ఎల్లీ అనే తోడు దొరకడం ఆమెకి బాగా నచ్చింది, మిగతాదంతా గోల అంది. నాదీ అదే అభిప్రాయం. 2009లో డైనోసార్లని తెచ్చారు, 2012లో ఖండాల్ని విడగొట్టారు, 2016లో ఆకాశం నుంచి ఉల్కని దింపారు. ముగ్గురు కాస్తా పదిమందయ్యారు, అందరూ ఒకేసారి మాట్లాడతారు. మొదటి సినిమాలో ఉన్న ఆ మౌనం ఐదోదాకా వెతికినా దొరకదు. స్క్రాట్ ఒక్కడే అలాగే ఉన్నాడు.

2019లో ఫాక్స్ కంపెనీని డిస్నీ కొన్నాక, 2021 ఏప్రిల్‌లో బ్లూ స్కై స్టూడియో మూతపడింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆ స్టూడియోలో పనిచేసినవాళ్లు నెట్‌లో ఒక చిన్న వీడియో పెట్టారు. అర నిమిషం ఉంటుందేమో. స్క్రాట్ మంచులో నిలబడి ఉంటుంది, ముందర గింజ. ఇన్నేళ్లూ అందకుండా పోయిన ఆ గింజని తీసుకుని, అటూ ఇటూ చూసి, కరకరా నమిలి మింగేస్తుంది. మింగి తెర బయటికి పోతుంది. కొండ పగలదు, ఏమీ కాదు. ఆఫీసులో డెస్కు దగ్గర చూస్తూ నేను పైకే నవ్వేశాను. వెంటనే తమ్ముడికీ చిన్నాయనకీ వాట్సాప్ చేశాను. తమ్ముడు ఏడుపు బొమ్మలు నాలుగు పెట్టాడు. చిన్నాయన, "అమ్మ చూసుంటే ఎంత సంతోషపడేదో, దాని కడుపు నిండింది" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు.

ఆ చిన్నాయనే మూడో భాగం అన్నిటికన్నా బెస్టంటాడు, డైనోసార్లున్నాయి కదా అని. వాదించి లాభం లేదు. ఆరోది వస్తోందని ప్రకటన రాగానే నాకంటే ముందు ఆయనకే తెలిసింది. మొదటి రోజే హాల్లో చూస్తాడట, కర్నూలు పోయైనా సరే. నేను మాత్రం ఓటీటీలోకి వచ్చేదాకా ఆగుతాను. పాపకి ముందు మొదటిది ఇంకోసారి చూపించాలి, ఈసారి సౌండు తీసేసి.